రాతి మీది గీతలు, తోలు మీది గీతలు

భోజరాజు పేరు చెప్పగానే మనకు కాళిదాసూ అక్షరలక్షలూ స్ఫురిస్తాయి. ఆయన పేర 'సమరాంగణ సూత్రధారము' అనే వాస్తుగ్రంథం కూడా ఉన్నది. అయితే ఆయన కాలపు స్థపతుల నమూనాలను కళ్ళారా చూడదలచినవారు గ్రంథాలయానికి పోనక్కరలేదు. మేఘసందేశంలోని వేత్రవతి, అంటే నేటి బేత్వా, ఒడ్డున భోపాలుకు సమీపంలో ఉన్న భోజపురానికి వెళ్ళాలి.

అక్కడ 11వ శతాబ్దిలో ఆరంభమై అసంపూర్తిగా నిలిచిపోయిన శివాలయం ఉన్నది. బండలను పైకి చేర్చడానికి పోసిన మట్టికట్ట ఆనవాళ్ళు ఇప్పటికీ వెనుక కనిపిస్తాయి. చుట్టూ ఉన్న రాతినేల మీద స్తంభాలు, శిఖరాలు, ఆలయాల అడుగు నమూనాలు గీతలుగా చెక్కి ఉన్నాయి. ఈ పద్ధతిలో చుట్టచుట్టే పని లేదు, చెదల భయం లేదు, ఏది ఎక్కడ ఉన్నదో వెదికే శ్రమ లేదు. లోపమల్లా ఒక్కటే: ఆ చోటు విడిచి అవి కదలవు. గీతలు నిలిచాయి, గుడి మాత్రం పూర్తికాలేదు.

దీనికి సరిగ్గా విలోమమైన కథ జర్మనీలోని కొలోన్ నగరానిది. అక్కడి మహాదేవాలయానికి 1248లో పునాది వేశారు. 1280 ప్రాంతంలో దాని పడమటి ముఖాన్ని తోలుముక్కలు అతికించి, నాలుగు మీటర్లకు మించిన ఎత్తున గీశారు. 16వ శతాబ్దిలో పని ఆగిపోయింది. కాలక్రమాన ఆ చిత్రం రెండు ముక్కలై చెదరిపోయింది. 1814లో ఒక ముక్క డార్మ్‌స్టాట్ పట్టణంలో ఒక అటకమీద దొరికింది. దానిపై చిక్కుడుగింజలు ఆరబోసేవారని చెబుతారు. రెండవది 1816లో పారిస్‌లో బయటపడింది. 1842లో పని తిరిగి మొదలై 1880లో ముగిసింది. 157 మీటర్ల జంటగోపురాలు ఆ పాతగీతల ననుసరించే లేచాయి. ఆరువందల ఏళ్ళ నాటి సంకల్పం నెరవేరడానికి అటకమీది తోలుముక్క తోడ్పడింది!

ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, దాచడం వేరు, అమర్చడం వేరు అని నాకు తోస్తుంది. తాటాకు గ్రంథాలతో పరిచయమున్న మనకిది కొత్త కాదు. పేరు రాయని కట్ట ఇంట్లోనే ఉన్నా లేనట్లే లెక్క. నేటి ఇంజనీర్లు పెద్ద కాగితానికి కుడివైపు అడుగుమూలన పేరు, సంఖ్య, తేదీ వేసి, మడిచినా అవి పైకి కనబడేటట్లు చూడడంలోని మర్మమిదే. సవరించిన ప్రతి వచ్చినప్పుడు పాతదానిపై ఆ సంగతి రాసి ఉంచకపోతే, భద్రంగా దాచిన కాగితమే పనికి చేటు తెస్తుంది.

కొలోన్‌కు అదృష్టం కలిసివచ్చింది. అన్ని కట్టడాలకూ అటకలు అలా అక్కరకు రావు. మీ ఊరి గుడికో చెరువు తూముకో పాత పటాలు ఎవరి పెట్టెలోనైనా ఉంటే, వాటిమీద ముందు ఊరి పేరూ సంవత్సరమూ రాయించండి. తక్కిన పని తరువాతి తరం చూసుకుంటుంది.