నాలుగు టైర్లకీ ఒకేసారి గాలి

మంట దగ్గరికి జరగండర్రా, చలిగా ఉంది. ఏ టైర్లో ఎంత గాలుందో కారే చూపిస్తోందని ఇందాక అన్నారు కదా. ఆ గాలి కోసం మేమెన్ని తంటాలు పడ్డామో చెప్తాను.

అప్పట్లో ఎండాకాలం గోదారి పాయలు ఎండితే లంకల్లోకి మనుషుల్నీ సరుకుల్నీ జీపుల్లో ఇసక మీదుగానే దాటించేవాళ్లం. మామూలు గాలితో ఇసకలో దిగితే చక్రం గొయ్యి తవ్వుకుని కూరుకుపోయేది. అందుకని గట్టు దిగగానే గాలి 15 పాయింట్లకి దించేవాళ్లం. టైరు నేల మీద పరుచుకుని, బరువు ఎక్కువ చోట పడి, బండి సాఫీగా వెళ్లిపోయేది.

దించడం సులువే, మళ్లీ ఎక్కించడమే గండం. తారు రోడ్డెక్కేసరికి 26 ఉండాలి. గాలి తక్కువుండగా జోరుగా తోలితే టైరు పక్కలు నలిగి, వేడెక్కి, పేలిపోవచ్చు. చేతిపంపుతో కొడుతుంటే మూడో టైరుకే రెక్కలు పడిపోయేవి. నాలుగో దానికి ‘ఇక చాల్లే’ అనేవాళ్లు. తీరా బ్రేకేస్తే బండి ఓ పక్కకి లాగేసేది.

తర్వాత ప్లగ్గు పంపు చూశాం. పెట్రోలు జీపు ఇంజన్లో ఒక స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో పంపు బిగించాలి. మిగతా మూడు సిలిండర్లతో ఇంజను తిరుగుతుంటే, ఆ నాలుగో దాని ఒత్తిడికి పంపు బయటి గాలిని పీల్చి టైర్లోకి తోసేది.

దానికే మా మేస్త్రి ఒక ఇత్తడి గొట్టం తగిలించారు. గొట్టానికి నాలుగు మూతులు, మూతికో చిన్న కుళాయి, మధ్యలో గేజీ. వెనక చక్రాలకి పొడుగు రబ్బరు పైపులు, ముందువాటికి పొట్టివి. పైపు కొసనున్న నాజిలు టైరు వాల్వులోని పిన్నుని నొక్కి పట్టుకునేది. దాంతో గాలి అటూ ఇటూ పారి, ఎక్కువున్న టైర్లోంచి తక్కువున్న దాంట్లోకి వెళ్లి, నాలుగూ వాటంతటవే సమానమయ్యేవి. ఏదన్నా పంచరైతే దాని కుళాయి కట్టేయాలి, లేదంటే మిగతా మూడింటి గాలీ అందులోంచే పోతుంది. గేజీ చూసేటప్పుడు పంపు ఆపాలి, నడుస్తుంటే ఎక్కువ చూపిస్తుంది. పని అయ్యాక అంతా చుట్టి గోనెసంచిలో వేసుకునేవాళ్లం.

పంపు అదే కాబట్టి గాలి నిండడానికి పట్టే సమయం పెద్దగా తగ్గలేదు. చక్రం చక్రానికీ వంగి లేవడం తప్పింది. అంతకన్నా ముఖ్యంగా, నాలుగో టైరుకి అన్యాయం జరగడం ఆగిపోయింది.

మిలిటరీ బళ్లలో ఇంకా గొప్ప ఏర్పాటుండేది. 1944లో నార్మండీ ఒడ్డుకి సరుకు చేరేసిన అమెరికావాళ్ల ‘డక్’ అనే ఆరు చక్రాల బండి నీళ్లలోనూ నేల మీదా నడిచేది. దాని డ్రైవరు సీట్లోంచి కదలకుండానే టైర్లలో గాలి పెంచుకునేవాడు, తగ్గించుకునేవాడు.

మా మేస్త్రికి అంత సరంజామా ఎక్కడిది? కానీ అలిసిపోయిన మనిషి ఏ పని దగ్గర చేతులెత్తేస్తాడో ఆయన కనిపెట్టారు. సరిగ్గా ఆ పనికే పనిముట్టు చేశారు. మీరు చదువుకుని ఏం తయారుచేసినా, ముందు ఆ అలిసిపోయిన మనిషిని చూడండి.