డెబ్బై అగ్గిపుల్లలు

అమెరికన్ రచయిత జాక్ లండన్ 'టు బిల్డ్ ఎ ఫైర్' పేరుతో రెండు కథలు రాశాడు. మొదటిది 1902లో 'యూత్స్ కంపానియన్' అనే కుర్రాళ్ల పత్రికలో వచ్చింది. అందులో టామ్ విన్సెంట్ ఎముకలు కొరికే చలిలో ఒంటరిగా బయల్దేరి, కాళ్లు తడుపుకుని, చావు అంచుదాకా వెళ్లి బతికి బయటపడతాడు. ఇక ఒంటరిగా వెళ్లకూడదని బుద్ధి తెచ్చుకుంటాడు. 1908లో 'సెంచరీ' పత్రికలో వచ్చిన కథలో మనిషికి పేరు లేదు, ప్రాణమూ దక్కదు. హీరో క్షేమంగా ఇల్లు చేరతాడని సాహసగాథ పాఠకుడికిచ్చే భరోసాను లండన్ అక్కడ తీసేశాడు. ఆయన రాసినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పని ఇదే.

ఆ చలి ఆయనకు విని తెలిసింది కాదు. 1897లో, 21 ఏళ్ల వయసులో, బంగారం కోసం కెనడాలోని క్లోండైక్‌కు వెళ్లాడు. చిల్కూట్ కనుమ దాటాడు, చలికాలం చెక్క గుడిసెలో గడిపాడు, స్కర్వీ జబ్బు తెచ్చుకున్నాడు. మరుసటేడు దాదాపు వట్టి చేతులతో తిరిగొచ్చాడు. తాను బంగారం వెతికిన హెండర్సన్ వాగు వైపే కథలోని మనిషినీ నడిపించాడు.

సున్నాకు దిగువన 75 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆ మనిషికి అంకె తెలుసు. ఆ అంకె ఒంటికి ఏం చేస్తుందో ఊహించలేడు. స్ప్రూస్ చెట్టు కింద మంట వేసుకుంటాడు. మంటలోకి పుల్ల లాగిన ప్రతిసారీ చెట్టు కాస్త అదురుతుంది. పైకొమ్మ మీది మంచు కిందికొమ్మ మీద పడి, అది ఇంకో కొమ్మను కదిపి, చివరికి అంతా మంట మీదికి జారుతుంది. మళ్లీ వెలిగించబోతే వేళ్లు మొద్దుబారిపోయి ఉంటాయి; అరచేతుల మధ్య ఇరికించుకుని డెబ్బై అగ్గిపుల్లలూ ఒక్కసారే గీస్తాడు. చర్మం కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. అడవికి అతని మీద పగ లేదు, జాలీ లేదు.

పక్కనే ఉన్న కుక్కకు థర్మామీటర్ సంగతి తెలియదు. ఇది ప్రయాణానికి వేళ కాదని మాత్రం దాని ఒంటికి తెలుసు. ఈ కథ రావడానికి ముందటి ఏడాదే, 1907లో, లండన్ జంతువుల గురించి అబద్ధాలు రాస్తున్నాడని అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 'వైట్ ఫాంగ్' నవలను ఎత్తిచూపి విమర్శించాడు. 1908లోనే 'కోలియర్స్' పత్రికలో లండన్ జవాబిచ్చాడు: తన కుక్కలు మనుషుల్లా తర్కించి నడుచుకోవని, ఆ మాట కథల్లో పనిగట్టుకుని పదేపదే రాశానని.