కొవ్వొత్తి కొడి కథ

కొవ్వొత్తి అన్న మాటని ఎప్పుడైనా విడదీసి చూశారా? క్రొవ్వు + వత్తి. ఇప్పుడు మనం కొనేవాటిలో చాలావరకు కొవ్వు ఉండదు, పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనం ఉంటుంది. లోపల సరుకు మొత్తం మారిపోయినా పేరు మాత్రం పాతదే (మన కోడ్‌లో పదేళ్ళ క్రితం ఎవరో పెట్టిన వేరియబుల్ పేర్లలాగా :-)).

ఇన్వర్టర్లు వచ్చాక కరెంటు పోతే కొవ్వొత్తి కోసం తడుముకునే పని తగ్గింది. దాని బదులు ఇప్పుడు గాజు సీసాల్లో సువాసన కొవ్వొత్తులు వచ్చాయి. ఎవరింటికి వెళ్ళినా బహుమతి అదే. ఆ సీసా అడుగున చిన్న అక్షరాలతో ఒక చీటీ ఉంటుంది: వెలిగించే ముందు వత్తిని కాలంగుళానికి కత్తిరించండి, గాలికి పెట్టకండి, అడుగున అరంగుళం మైనం మిగలగానే ఆపేయండి అని. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు షరతులు చదివినంత శ్రద్ధగానే దీన్నీ చదువుతాం. కానీ అందులో చాలా వాక్యాల వెనక ఒక్కో చరిత్ర ఉంది.

మొదట వత్తి సంగతి. "కొడిగట్టిన దీపం" అంటాం కదా, ఆ కొడి అంటే వత్తి చివర పేరుకునే నల్లటి బొగ్గు. యూరప్‌లో పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తులకి ఇదే పెద్ద బెడద. మెలిపెట్టిన నూలు వత్తి మంట మధ్యలో నిటారుగా నిలబడేది. మంట లోపలికి ఆక్సిజన్ అందదు కాబట్టి వత్తి పూర్తిగా కాలదు. కొడి పెరిగేకొద్దీ వెలుగు తగ్గి, మసి, కంపు పెరుగుతాయి. అందుకని కొన్ని నిమిషాలకోసారి ఎవరో ఒకరు లేచి, చిన్న డబ్బా బిగించిన ప్రత్యేకమైన కత్తెరతో కొడి కత్తిరించాలి. ఆ నిప్పుముక్క కింద పడకుండా ఉండటానికే ఆ డబ్బా. నాటకశాలల్లో అయితే ఈ పనికి ప్రత్యేకంగా మనుషులుండేవారు, నాటకం నడుస్తుండగానే వచ్చి కత్తిరించి వెళ్ళేవారు.

దీనికి 1825 ప్రాంతంలో ఫ్రాన్సులో కాంబసెరెస్ అనే ఇంజినీరు కనిపెట్టిన పరిష్కారం నాకు భలే నచ్చుతుంది. వత్తిని మెలిపెట్టకుండా జడలాగా అల్లాడు, అంతే. జడ అల్లిన వత్తి కాలుతూ ఒక పక్కకి వంగుతుంది. వంగిన కొస మంట అంచుకి, అంటే ఆక్సిజన్ ఉన్నచోటికి వస్తుంది. అక్కడ బూడిదైపోతుంది. తన చెత్త తనే ఊడ్చుకునే వత్తి అన్నమాట. మన గార్బేజ్ కలెక్టర్‌కి ముత్తాత! కత్తెర పట్టుకు తిరిగే ఉద్యోగాలు దాంతో మెల్లగా పోయాయి.

అయితే ఈనాటి సీసా మీద మళ్ళీ "కత్తిరించండి" అని ఎందుకుంది? లావుపాటి సీసాలో, అత్తరు నూనెలు కలిపిన మెత్తటి మైనంలో వత్తి చివర ఇప్పటికీ నల్లటి ముద్ద కడుతుంది. పొడుగైన వత్తి కాల్చగలిగినదానికన్నా ఎక్కువ మైనాన్ని పైకి లాగుతుంది. ఆ మిగులే గోడ మీద మసి. నూరేళ్ళు కాదు, రెండొందల ఏళ్ళ పాత బగ్ ఇది.

ఇక మైనం సంగతి. షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కొవ్వుని విడగొట్టి చూసి, గట్టిగా, వాసన లేకుండా ఉండే స్టియరిక్ ఆమ్లాన్ని వేరు చేశాడు. 1825లో గే-లుసాక్‌తో కలిసి దీనిమీద పేటెంటు తీసుకున్నాడు. మంచి సరుకే, కానీ చల్లారేటప్పుడు స్ఫటికాలు కట్టి పెళుసుగా, గరుగ్గా తయారయ్యేది. ఖరీదైన తేనెమైనం కొవ్వొత్తిలాగా నున్నగా కనబడితేనే కదా జనం కొనేది! ఆ నునుపు కోసం తయారీదార్లు దాంట్లో ఏం కలిపారో తెలుసా? ఆర్సెనిక్. అచ్చమైన పాషాణం. ఇంట్లో తలుపులు మూసుకుని వెలిగించుకునే వస్తువులో!

1837లో లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ మెడికల్ సొసైటీ వైద్యులు దీనిమీద ఒక కమిటీ వేశారు. పక్షుల్ని పెట్టెల్లో పెట్టి, కొన్నిటి దగ్గర ఆర్సెనిక్ కొవ్వొత్తులు, కొన్నిటి దగ్గర మామూలువి వెలిగించారు. ఆర్సెనిక్ పెట్టెల్లో పక్షులు చచ్చిపోయాయి. చివరికి తేలిందేమిటంటే విషం అవసరమే లేదు. కాస్త తేనెమైనం కలిపి, అచ్చుల్ని ముందే వేడిచేసి, మైనం కొంచెం చల్లారాక పోస్తే అదే నునుపు వస్తుంది. వేడి సరిగ్గా చూసుకుంటే సరిపోయేదానికి పాషాణం వాడారు.

అది పాతకాలం ముచ్చట అనుకోకండి. సీసా కొవ్వొత్తుల్లో మైనం కరిగి కొలనులా అవుతుంది కాబట్టి వత్తి పడిపోకుండా మధ్యలో సన్నటి లోహపు తీగ పెట్టేవారు. ఆ తీగ కొన్నిటిలో సీసం. 1974లో అమెరికా తయారీదార్లు స్వచ్ఛందంగా మానేస్తామని ఒప్పుకున్నారు. "స్వచ్ఛందంగా" అంటే ఏమవుతుందో మనకి తెలిసిందే. 2000 నాటికి కూడా దుకాణాల్లో సీసం వత్తులు దొరుకుతూనే ఉన్నాయి. చివరికి 2003లో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ లోహంలో 0.06 శాతం మించి సీసం ఉన్న వత్తుల్ని నిషేధించింది. ఇప్పుడు తీగ కావాలంటే ఎక్కువగా జింకు వాడుతున్నారు, లేదంటే నూలు, కాగితం. మీ ఇంట్లో ఎప్పటిదో పాత సీసా ఉంటే, వెలిగించని వత్తి కొసని తెల్ల కాగితం మీద గీసి చూడండి. పెన్సిలు గీతలా బూడిదరంగు మరక పడితే దాన్ని వెలిగించకండి. ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో.

గాలి గురించి చెప్పినవాడు మైకేల్ ఫారడే. 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మంట చుట్టూ పైకి లేచే గాలి అంచుల్ని చల్లబరుస్తుంది కాబట్టే కరిగిన మైనం ఒక చక్కటి గిన్నెలో నిలుస్తుందని చూపించాడు. పక్క నుంచి గాలి తగిలితే ఒక వైపు గోడ కరిగిపోయి మైనం కారిపోతుంది. మన సీలింగు ఫ్యాను కింద జరిగేది సరిగ్గా అదే. కర్టెన్లకీ, పుస్తకాలకీ కనీసం అడుగు దూరం ఉంచమనేది కూడా అందుకే, గాలికి మంట ఒక్క చోట నిలవదు.

సీసాలో మైనమే అంటుకుంటే మాత్రం నీళ్ళు పొయ్యకండి. మరిగే మైనంలో పడ్డ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని చుట్టూ చిమ్ముతాయి. లోహపు మూత పెట్టెయ్యండి, దీపం దానంతటదే కొండెక్కుతుంది. చివరి అరంగుళం ఎందుకు వదలాలంటే, ఆ కాస్త మైనమే సీసా అడుగుకి అడ్డు. అది అయిపోతే వేడి నేరుగా గాజుకి తగులుతుంది, గాజు పగలొచ్చు.

మరి ఆ మిగిలిన ముక్క? ఒకప్పుడు దానికి విలువుండేది. ఇంగ్లాండులో పెద్ద ఇళ్ళలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు పనివాళ్ళకి మామూలుగా దక్కేవి, వాళ్ళు అమ్ముకునేవారు. ఆర్థికమంత్రిగా చేసిన గ్లాడ్‌స్టన్ 1879లో ఒక ప్రసంగంలో, దేశం కోసం కొవ్వొత్తి ముక్కల్ని కూడా ఆదా చెయ్యలేనివాడు ఆ పదవికి పనికిరాడన్నాడు. ఇప్పుడు మనం వేణ్ణీళ్ళతో కరిగించి సింకులో పోసేస్తున్నాం. పైపులో రెండడుగులు వెళ్ళగానే చల్లారి అది మళ్ళీ మైనమే అవుతుంది, తర్వాత ప్లంబరు వస్తాడు. దానికన్నా సీసాని ఫ్రీజర్‌లో కొన్ని గంటలు పెడితే మైనం కుంచించుకుని ఊడొస్తుంది. ముక్కలన్నీ పోగేసి, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తే (నేరుగా స్టవ్ మీద వద్దు) నూలు వత్తితో ఇంకో కొవ్వొత్తి అవుతుంది. అంత ఓపిక లేకపోతే గట్టిపడ్డాక కాగితంలో చుట్టి పొడి చెత్తలో వెయ్యండి. వత్తి అడుగున ఉండే చిన్న రేకుబిళ్ళ కూడా తీసెయ్యండి. గాజు కడిగితే పోపుగింజలు పోసుకోడానికి బాగానే ఉంటుంది, సువాసన మాత్రం ఓ పట్టాన పోదు.