బావాబావమరదుల రాజ్యం

కాట్‌బస్ బడుల్లో చదివే మా పిల్లలు చరిత్ర పాఠం ముగించుకొని ఇంటికి రాగానే చెప్పే పేర్లు రెండున్నాయి. ఒకటి చక్రవర్తి ఫ్రెడ్రిక్ బార్బరోసాది. బార్బరోసా అంటే ఎర్రగడ్డం వాడని అర్థం. రెండవది హైన్‌రిష్ ప్రభువుది. ఆయనకు సింహమని బిరుదు. చక్రవర్తికి కుడిభుజంగా ఇరవై ఏళ్ళకు పైగా నిలిచిన ఈ ప్రభువు చివరకు ఆ చక్రవర్తి చేతనే సర్వం కోల్పోయాడు. ఆయన ద్రోహి అని కొందరు, వీరుడని కొందరు అంటారు. మన ఇళ్ళలో ఈ కథ ఎలా చెప్పుకోవాలన్నదే మా ఆలోచన.

ముందుగా చుట్టరికం చూద్దాం. ఇక్కడివారు ఇద్దరినీ కలిపి ‘వెట్టర్’ అని ఒకే మాటతో సరిపెడతారు. మనకు ఆ మాట చాలదు. ఫ్రెడ్రిక్ తల్లి యూడిట్, హైన్‌రిష్ తండ్రికి స్వయానా తోబుట్టువు. వయసులో ఫ్రెడ్రిక్ పెద్దవాడు. అంటే ఆయన బావ, ఈయన బావమరిది! ఈ వరుసలో చనువు ఎంతో పంతమూ అంతేనని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

1152లో ఫ్రెడ్రిక్ రాజుగా ఎన్నికైనాడు. నాటి జర్మనీలో రాజ్యం తండ్రి నుండి కొడుకుకు తనంత తానుగా వచ్చేది కాదు. ప్రభువులు ఎన్నుకోవాలి, ఎన్నుకున్న తరువాత కూడా వారి అండ ఉండాలి. అందరిలోకీ బలవంతుడైన బావమరిదిని ఫ్రెడ్రిక్ మొదటి నుండీ దగ్గరకు తీసుకున్నాడు. 1155లో రోము నగరంలో పట్టాభిషేకం జరిగిన రోజునే ఊరివారు తిరగబడితే, ఎదురు నిలిచి పోరాడిన వారిలో హైన్‌రిష్ ముందున్నాడు. మరుసటి ఏడు, 1156లో, చక్రవర్తి ఆ రుణం తీర్చుకున్నాడు. సాక్సనీకి అప్పటికే ప్రభువైన హైన్‌రిష్‌కు బవేరియా కూడా దక్కింది. నాటి సాక్సనీ అంటే మన పొరుగున ఉన్న నేటి సాక్సనీ రాష్ట్రం కాదు. జర్మనీ వాయవ్య భాగంలో చాలా మేర అదే.

ఆ 1156వ సంవత్సరానికీ మన ఊరికీ ఒక సంబంధం ఉంది. ఆ ఏడు నవంబరు 30వ తేదీ నాటి పత్రంలోనే కాట్‌బస్ పేరు మొదటిసారిగా కనిపిస్తుంది. సాక్షులలో కాట్‌బస్ దుర్గాధిపతి ఒకడున్నాడు. అతని పేరు కూడా హైన్‌రిషే. స్ప్రే నది ఒడ్డున స్లావు జాతివారైన సోర్బుల పల్లెల నడుమ ఉన్న ఈ కోట లౌజిట్స్ సీమలోనిది. ఆ సీమకు అదే కాలంలో పాలకుడైనవాడు డీట్రిష్ ప్రభువు. ఈయన పేరు పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. కథలో మళ్ళీ వస్తాడు.

రెండు సీమల ప్రభువైన హైన్‌రిష్ తనంత తానే ఒక రాజువలె మెలగసాగాడు. ఫ్రైజింగ్ బిషప్పుకు ఉప్పు వర్తకం మీద సుంకం తెచ్చిపెట్టే వంతెనను ధ్వంసం చేసి, ఆ రాబడిని తన మ్యూనిక్‌కు మళ్ళించుకున్నాడు. 1158లో చక్రవర్తి ఈ తగవు తీర్చి, రాబడిలో మూడవ వంతు బిషప్పుకు ఇప్పించి, మ్యూనిక్ సంతను మాత్రం నిలబెట్టాడు. 1159లో హైన్‌రిష్ ల్యూబెక్‌ను తిరిగి కట్టించాడు. బ్రౌన్‌ష్వైగ్‌లోని తన కోట ముందు కంచు సింహాన్ని నిలిపాడు. 1168లో ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ కుమార్తె మటిల్డాను పెళ్ళాడాడు. ఇరుగుపొరుగు ప్రభువులు ఆయన ఆగడాల మీద ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా చక్రవర్తి బావమరిది పక్షమే వహించాడు.

మరి ఎక్కడ చెడింది? ఒకటి ఆస్తి దగ్గర. హైన్‌రిష్‌కు చిన్నాన్న, ఫ్రెడ్రిక్‌కు మేనమామ అయిన ఆరవ వెల్ఫ్‌కు ఉన్న ఒక్క కొడుకు 1167లో పోయాడు. పెద్దాయన తన ఆస్తిని డబ్బుకు బదులుగా హైన్‌రిష్‌కు రాయబోయాడు. ముసలివాడు ఎన్నాళ్ళుంటాడులే అన్నట్లు హైన్‌రిష్ సొమ్ము చెల్లించక జాప్యం చేశాడు. మేనల్లుడైన చక్రవర్తి రొక్కం ఇచ్చి ఆ ఆస్తి దక్కించుకున్నాడు. ముసలాయన మాత్రం 1191 దాకా బతికాడు!

రెండవది 1176లో, ఆల్ప్స్ కొండల దిగువన కియవెన్నా అనే చోట. ఇటలీ నగరాలతో యుద్ధంలో చిక్కుకున్న ఫ్రెడ్రిక్ సేనను పంపమని బావమరిదిని వేడుకున్నాడు. చక్రవర్తి మోకరిల్లాడని తరువాతి చరిత్రకారులు రాశారు. హైన్‌రిష్ బదులుగా వెండి గనుల పట్టణం గోస్లార్‌ను అడిగాడు. చక్రవర్తి ఇవ్వలేదు, ప్రభువు రాలేదు. మే 29న లెన్యానో దగ్గర ఫ్రెడ్రిక్ ఓడిపోయాడు.

అటుపైన పాత మొరలకు చెవి దొరికింది. 1179లో హైన్‌రిష్‌ను విచారణకు పిలిచారు, ఆయన వెళ్ళలేదు. మాగ్డెబుర్గ్ సభలో లేచి నిలబడినవాడు మన లౌజిట్స్ పాలకుడు డీట్రిష్. హైన్‌రిష్ స్లావు సేనలను తన సీమ మీదికి ఉసిగొల్పాడని నేరం మోపి, ద్వంద్వయుద్ధానికి రమ్మని సవాలు చేశాడు. ఆ సవాలుకూ హైన్‌రిష్ రాలేదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్లు, పెద్దల పంతాలలో నలిగినవి లౌజిట్స్ పల్లెలు.

1180 ఏప్రిల్ 13న గెల్న్‌హౌజెన్‌లో వెలువడిన శాసనపత్రం సాక్సనీని రెండుగా చీల్చింది. ఒక ముక్క కొలోన్ ఆర్చిబిషప్పుకు, రెండవది అన్‌హాల్ట్ బెర్న్‌హార్డ్‌కు దక్కాయి. అదే ఏడు బవేరియా విటెల్స్‌బాఖ్ వంశానికి పోయింది. ఆ వంశం అక్కడ 1918 దాకా ఏలింది. ఈ పత్రంలో గమనించవలసిన విషయం ఒకటుంది. చర్చీలనూ ప్రభువులనూ పీడించాడు, చక్రవర్తి పిలుపును ధిక్కరించాడు అని నేరాలు రాశారు గాని, కియవెన్నా మాట ఎక్కడా లేదు. హైన్‌రిష్ చేసిన పీడన కొత్తది కాదు. ఇరవై ఏళ్ళుగా చక్రవర్తి చూసీ చూడనట్లు ఊరుకున్నదే. స్నేహం ఉన్ననాళ్ళు తప్పు కానిది, స్నేహం చెడగానే నేరమైంది.

ఇది చదివితే మనకు అప్పాజీ గుర్తు రాక మానడు. సాళువ తిమ్మరుసును శ్రీకృష్ణదేవరాయలు తండ్రిగా భావించాడు. 1515లో కొండవీడు గెలిచిన తరువాత ఆ సీమ వ్యవహారం తిమ్మరుసు చేతిలో పెట్టాడు. బాల యువరాజు తిరుమలరాయలు మరణించినప్పుడు విషప్రయోగమన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడిందనీ, మంత్రినీ కొడుకునూ చెరలో పెట్టి చివరకు కళ్ళు తీయించారనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రంలో గుమ్మడి, రామారావు గారల నటనతో ఆ విషాదం మన పెద్దల మనసుల్లో నిలిచిపోయింది.

ఇద్దరికీ తేడా ఒక్కటే. తిమ్మరుసు బలం కొలువు బలం. రాయల నమ్మకం పోయిన నాడు ఆయనకు నిలవడానికి చోటు లేకపోయింది. హైన్‌రిష్ బలం తాతతండ్రుల భూమి. 1181లో ఎర్ఫర్ట్‌లో చక్రవర్తికి లొంగిపోయి, మరుసటి ఏడు మామగారి రాజ్యానికి ప్రవాసం వెళ్ళినా, బ్రౌన్‌ష్వైగ్, ల్యూనెబుర్గ్ సొంత భూములు ఆయనకు మిగిలాయి. 1190లో ఫ్రెడ్రిక్ క్రూసేడు దారిలో నదిలో మునిగి పోయాడు. 1195లో హైన్‌రిష్ సొంత ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆయన కొడుకు ఒట్టో 1209లో చక్రవర్తి అయ్యాడు. ఆ వంశంవారే 1714లో ఇంగ్లండు గద్దె ఎక్కిన హానోవర్ రాజులు. మన ఉత్తర సర్కారులు 1766లో కుంపిణీ చేతికి వచ్చిన నాటి మూడవ జార్జి ఆ సింహం వంశాంకురమే.

కనుక మా పిల్లలు ‘తప్పెవరిది?’ అని అడిగితే మేము ఇలా చెబుతాము. అంత బలం చేతికిచ్చి అదుపు చేయని బావదీ తప్పే, తీసుకున్నది మరచి అవసరంలో బేరమాడిన బావమరిదిదీ తప్పే. శాసనం రాసినది గెలిచినవారు. అందులో ఉన్నదాన్ని చదవండి, లేనిదాన్ని కూడా వెతకండి. సెలవులకు బ్రౌన్‌ష్వైగ్ వెళ్ళినప్పుడు ఆ కంచు సింహాన్ని చూసి, పెద్ద చర్చిలో మటిల్డా పక్కన పడుకున్న హైన్‌రిష్ సమాధి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్కడ మీ అమ్మమ్మలు చెప్పిన అప్పాజీ కథను మీ జర్మన్ స్నేహితులకు చెప్పండి.