మ్రాకులలోని ‘కు’

మ్రానుకు బహువచనం మ్రాకులు, కొలనుకు కొలకులు. చెట్టు, పిల్లి, గోడ వంటి మాటలకు ‘లు’ చేరితే చాలు గదా, మరి మ్రాకులలోకి ఈ ‘కు’ ఎక్కడినుంచి వచ్చింది? తరగతిలో ఎవరైనా అడిగితే, “అది మినహాయింపు, కంఠస్థం చెయ్యి” అని తప్పించుకుంటాం. నేను భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. మినహాయింపు కనిపించిన చోట కాస్త ఆగి చూడటం మా వృత్తిలో అలవాటు.

19వ శతాబ్ది ఆరంభంలో పలువురు పండితులు తెలుగు సంస్కృతంనుంచి పుట్టిందనే తలచేవారు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ ఎల్లిస్ ధాతువులను పోల్చి చూచి, అది సరికాదని నిరూపించాడు. వచనాల సంగతి చూద్దాం. సంస్కృతంలో ద్వివచనం ఉన్నది, తెలుగులో లేదు. అయితే ఇంతమాత్రాన బంధుత్వం లేదనడం తొందరపాటే. సంస్కృతానికి దగ్గరివైన ప్రాకృతాలు కూడా ద్వివచనాన్ని వదులుకున్నాయి. వచనాలు ఎన్ని అన్నది కాదు, ప్రత్యయం ఎట్లా ఉన్నదన్నదే ముఖ్యం.

1856లో రాబర్టు కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణంలో తమిళ ‘కళ్’, కన్నడ ‘గళు’, తెలుగు ‘లు’ ఒక్కటేనన్నాడు. తెలుగులో మొదటి హల్లు జారిపోయిందని ఆయన ఊహ. బంధుత్వం నిజమే గాని, జారిపోయిందన్న మాట నిలవలేదు. ఆదిలాబాదు, బస్తరు ప్రాంతాల గోండీని చూడండి: చెయ్యి ‘కై’, చేతులు ‘కైక్’. అక్కడ ‘క్’ ఒక్కటే బహువచనాన్ని తెలుపుతున్నది. ఒడిశా కొండలలోని కుయి, కువి భాషలలో ‘క’ ఉన్నది. అంటే పూర్వం ‘క్’ వేరు, ‘ళ్’ వేరు. ఒకదానిపై ఒకటి చేరినప్పుడు ‘కళ్’ ఏర్పడింది. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ రెండు ప్రత్యయాలను, వాటి కలయికను కూడా మూలద్రావిడానికే చేర్చారు.

బహువచనంపై బహువచనమా అని ఆశ్చర్యపడనక్కరలేదు. ‘వారు’ బహువచనమే అయినా, దానికి మళ్ళీ ‘లు’ చేర్చి మన కవులు ‘వారలు’ అనలేదా?

ఇప్పుడు మ్రాకులకు వద్దాం. మన మ్రానుకు తమిళంలో జోడు మాట ‘మరం’, బహువచనం ‘మరంగళ్’. అక్కడ ‘గళ్’ ఎటువంటిదో ఇక్కడ ‘కులు’ అటువంటిదే. పాత నిఘంటువులలో ‘మ్రాఁకు’ అని అరసున్న కనిపిస్తుంది. మ్రానులోని నకారం పూర్తిగా పోలేదు, ఆ అరసున్నగా మిగిలింది.

తమాషా ఏమంటే, ఈ ‘కు’ బహువచన చిహ్నమన్న సంగతి తెలుగువారు ఎప్పుడో మరచిపోయారు. మ్రాకులలో ‘లు’ ఒక్కటే ప్రత్యయమనుకొని, దాన్ని తీసివేసి, ‘మ్రాకు’ అనే కొత్త ఏకవచనాన్ని చేసుకున్నారు. ‘కొలకు’ కూడా అట్లా వచ్చినదే.