మాట గట్టు దాటకుండా: ఆదోని సీమ సాగు, రేడియో చర్చా బృందాలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో భాగంగా ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు తాలూకాతో పాటు కర్నూలు జిల్లాలో కలిసింది. సరిహద్దు మారడంతో వ్యవసాయ సలహా అందే దారి కూడా మారింది. బళ్లారి సీమ పత్తి మీద 20వ శతాబ్ది ఆరంభం నుంచి పనిచేస్తున్న హగరి పరిశోధన క్షేత్రం మైసూరు రాష్ట్రానికి దక్కగా, కర్నూలు జిల్లాకు నంద్యాల క్షేత్రం మిగిలింది. అదే ఏడాది నీరు విడుదలైన తుంగభద్ర జలాశయపు దిగువ కాలువ, తరతరాలుగా వానను నమ్ముకున్న మెట్ట రైతు ముందు కొత్త ప్రశ్నలు ఉంచింది. ఏ భూమికి మాగాణి నీరు, ఏ భూమికి ఆరుతడి, అంటే విడతలుగా ఇచ్చే తక్కువ నీరు, అన్నది ప్రభుత్వమే ముందుగా నిర్ణయించే లోకలైజేషన్ పద్ధతి ఇక్కడ అమలైంది.

ఇటువంటి ప్రశ్నలను ఊరివారు కలిసి చర్చించుకునేందుకు ఆ దశాబ్దంలోనే ఒక కొత్త విధానం దేశంలోకి వచ్చింది. కెనడాలో 1941లో మొదలైన రైతు రేడియో చర్చా బృందాల నమూనాను యునెస్కో సహకారంతో ఆకాశవాణి 1956లో పూనా కేంద్రం ద్వారా 150 గ్రామాలలో పరీక్షించింది. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున 20 ప్రసారాలు సాగాయి. సుమారు ఇరవై మంది ఒకచోట కూర్చుని ప్రసారం విని, అందులోని విషయాన్నే చర్చించి, తేలని సందేహాలను కేంద్రానికి రాసి పంపేవారు. వాటికి జవాబులు తరువాతి ప్రసారాలలో వచ్చేవి. సభ్యులను సమకూర్చడం, మాట కులాల తగాదాలకో ఊరి రాజకీయాలకో మళ్లినప్పుడు దాన్ని తిరిగి విషయానికి తేవడం, నివేదిక రాయడం బృందాన్ని నడిపే సంచాలకుని పనులు. రేడియో ఉన్నా బృందం లేని ఊళ్ల కంటే బృందాలున్న ఊళ్లలోనే తెలివిడి బాగా పెరిగినట్లు ఈ ప్రయోగంపై సామాజిక శాస్త్రవేత్త పాల్ న్యూరత్ జరిపిన అధ్యయనం తేల్చింది.

ఈ పథకం 1959 నవంబరులో దేశమంతటికీ విస్తరించింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 నుంచి పనిచేస్తుండగా, 1963లో కడపలో మరొకటి వచ్చింది. అయితే విషయానికి కట్టుబడాలన్న నియమం నెరవేరాలంటే ఆ విషయం వినేవారిది కావాలి. కృష్ణా, గోదావరి డెల్టాల వరి నాట్లను గురించిన ప్రసారం నల్లరేగడిలో పత్తి, జొన్న, కొర్ర వేసే వారి అవసరం తీర్చదు. ఆదోని సీమలో నైరుతి వానల తొలి అదనులో పడే విత్తనాన్ని ముంగారు అనీ, ఆలస్యంగా, ఈశాన్య వానల మీద ఆశతో వేసేదాన్ని హింగారు అనీ అంటారు. పత్తిలో సైతం ముంగారి రకాలు వేరు, హింగారి రకాలు వేరు కనుక, ప్రసారం ఒక నెల అటూ ఇటూ అయితే అదే సలహా అప్రస్తుతమవుతుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపించే ఈ సరిహద్దు సీమలో భాష కూడా చర్చకు హద్దు గీస్తుంది.

అధిక దిగుబడి వంగడాల ఉద్యమానికి తోడుగా 1966లో ఆకాశవాణి కొన్ని కేంద్రాలలో వ్యవసాయ, గృహ విభాగాలను నెలకొల్పింది. రైతు శిక్షణ పథకం కింద చర్చా మండలులు, అంటే ఒక సంచాలకుని చుట్టూ చేరే చిన్న రైతు బృందాలు, ఏర్పడ్డాయి. ట్రాన్సిస్టర్లు చవకై ఎవరింట వారు వినడం అలవాటైన కొద్దీ, కలిసి కూర్చునే పద్ధతి సన్నగిల్లింది. ప్రసారం మిగిలింది గాని, దాని మీద ఊరు అడిగే ప్రశ్న తగ్గింది. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్లలో రైతు ప్రశ్నకు మళ్లీ చోటు దొరికినా, పక్క పొలం వారు ఆ జవాబును వినే వీలు లేదు.

రేడియో బృందాల చరిత్ర చెప్పే తీర్పు స్పష్టమైనది. చర్చను దారిలో ఉంచేది సంచాలకుని గద్దింపు ఒక్కటే కాదు. ఎంచుకున్న విషయం ఆ నేలకు, ఆ అదనుకు చెందినదై, అడిగిన ప్రశ్నకు జవాబు తిరిగి వస్తుందన్న నమ్మకం ఉన్నప్పుడే రైతులు విషయం మీద నిలుస్తారు.