ఇచ్చిన చెయ్యి, పుచ్చుకున్న చెయ్యి

కోడేరు నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో మండల కేంద్రం. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోది. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు వర్ధిల్లిన సీమ ఇది. ఈ సీమ చరిత్ర అనగానే కోటలను, కవిపండిత సత్కారాలను వర్ణిస్తారు. అవి అబద్ధాలు కావు. కాని ధనవంతుని చేతిలో చిక్కిన పేద ఆడపిల్లకు ఏ న్యాయం జరిగిందన్న ప్రశ్న ఆ చరిత్రల్లో నాకు కనబడలేదు.

నిజాం రాజ్యంలోని తెలంగాణాలో భూస్వాముల ఇళ్ళలో ఆడబాపలుండేవారు. దొర కూతురు అత్తవారింటికి పోయేటప్పుడు పేద పిల్లలను దాసీలుగా వెంట పంపేవారు. వారి శ్రమపైనే కాదు, శరీరాలపై కూడా దొరలకే అధికారం చెల్లేది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణా పోరాట చరిత్రలో దీనిని భూస్వామ్య దోపిడీ రూపాల్లోకెల్లా నీచమైనదిగా పేర్కొన్నారు. ఫిర్యాదు చేయవలసిన తండ్రి దొరకు బాకీ; విచారించవలసిన పటేలు, పట్వారీ దొర పక్షం. నేరం లేక కాదు, నేరాన్ని చెప్పుకునే చోటు లేక శిక్ష పడలేదు.

1949లో జాగీర్లు రద్దయినాయి. 1951లో భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. అయినా నారాయణపేట, మక్తల్ ప్రాంతాల్లో దళిత బాలికలను దేవత పేరిట జోగినులుగా మార్చే ఆచారం ఆగలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఆచారాన్ని నిషేధించింది. అవసరమైన చట్టమే. అయితే దాని చూపంతా అర్పణ తంతు మీదనే. తంతు జరిపినవారు, పాల్గొన్నవారు, ప్రోత్సహించినవారు నేరస్థులు. తంతు ముగిసిన పిమ్మట పిల్లను వశం చేసుకునే మోతుబరి అక్కడ కనబడడు. ఇచ్చిన చెయ్యి దొరుకుతుంది. పుచ్చుకున్న చెయ్యి దొరకదు.

ఇది పల్లెకు, ఆచారానికి మాత్రమే పరిమితం కాదు. 1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ బాలిక ఏడుస్తుంటే విమాన పరిచారిక గమనించింది. పక్కనున్నది ఆమెను పెళ్ళాడానన్న అరవై ఏళ్ళ సౌదీ దేశస్థుడు. అతన్ని అరెస్టు చేశారు. బాలికను సంరక్షణ గృహంలో ఉంచారు. అతడు బెయిలుపై విడుదలై దేశం దాటిపోయాడు. బాధితురాలికి నాలుగు గోడలు, నిందితునికి ఆకాశమార్గం!

రుజువయ్యే దాకా ఎవరైనా నిందితుడే. ఆ సూత్రం ధనికునికీ వర్తించాలి. మనం కోరేది విచారణ లేని శిక్ష కాదు, అతడు బోనెక్కి జవాబు చెప్పడం. 2012 నాటి పోక్సో చట్టం అందుకు కొంత దారి వేసింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్ల సమ్మతించిందన్న సాకు అక్కడ చెల్లదు. నేరం తెలిసినవారు పోలీసులకు తెలపడం విధి.

కాని వయసు రుజువు కావాలి. ఆ రుజువుల్లో ముఖ్యమైనది బడి రిజిస్టరులోని పుట్టినతేదీ. కూలి పిల్ల పేరు ఆ రిజిస్టరులో లేకపోతే ప్రతివాది వకీలుకు అదే మొదటి ఆయుధం. కనుక ఉపాధ్యాయులారా, ఈ చరిత్రలో తరువాతి పుట న్యాయస్థానంలో కాదు, మీ బల్లమీద మొదలవుతుంది.